నేను బిగించిన పైలట్ మంట

ఢిల్లీ చలికి ఇడ్లీపిండి పులియదు. కంబళి కప్పినా, బియ్యం డబ్బాలో దాచినా, జనవరిలో దాని పంతం దానిదే. ఆ పంతాన్ని మా ఆవిడ గెలిచింది ఒక పాత గ్యాస్ ఓవెన్‌తో. ఆర్.కె. పురం క్వార్టర్లో ఉండగా, దేశం వదిలి వెళ్తున్న ఒక విదేశీ కుటుంబం దగ్గర కొన్నాం. దాని అడుగున చిటికెన వేలి గోరంత మంట ఎప్పుడూ వెలుగుతుంటుంది. పెద్ద బర్నర్ దాన్నుంచే అంటుకుంటుంది. పైలట్ అంటారు. ఓవెన్ వాడకపోయినా ఆ మంటకు లోపల గోరువెచ్చగా ఉండేది. సాయంత్రం పిండిగిన్నె అందులో పెడితే తెల్లారేసరికి మూత తోసుకుని పొంగేది. కేకులు చేసే పెట్టెలో ఇడ్లీపిండి ఏమిటని నేను నవ్వేవాణ్ని. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళు మాత్రం ఆవిడ చెయ్యి మంచిదనేవారు.

ఒక ఏడు జనవరిలో పక్క బ్లాకు తెలుగాయన తన మనవడి అన్నప్రాసనకు అరవైమందికి ఇడ్లీలు చేసిపెట్టమని వచ్చి అడిగాడు. "శుభకార్యం, మీ చేత్తోనే జరగాలమ్మా" అన్నాడు. ఆవిడ మొహం మతాబాలా వెలిగింది. రెండు రోజులు కూర్చుని పప్పు ఏరింది.

ముందురోజు మధ్యాహ్నం నా బుర్రలో పురుగు మెదిలింది. పైలట్ మంట కొస పసుపుపచ్చగా కనిపించింది. పచ్చమంటంటే మసి. కరోల్ బాగ్ నుంచి వచ్చే మెకానిక్ "సర్‌జీ, ఇసే మత్ ఛేడ్నా" అంటూ, ఆ మంటను పెంచి తగ్గించే స్క్రూ కదపొద్దని అంతకుముందే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను వింటేగా! అరచుట్టు బిగించాను. మంట చిన్నదై నీలంగా నిలిచింది.

"ఇప్పుడు దాని జోలికెందుకండీ?" అంది ఆవిడ.

"నీకు తెలీదులే, ఊరుకో" అన్నాను, మీసం మెలేస్తూ.

తెల్లవారుజామున పాలకని లేచి ఓవెన్ తెరిస్తే పైలట్ ఆరిపోయి ఉంది. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటుంది, అందుకే వాసన రాలేదు. గిన్నె మంచుముద్దలా ఉంది. ఆవిణ్ని లేపి చెప్పాల్సింది. లేపలేదు. స్క్రూ వెనక్కి తిప్పి, నాబ్ నొక్కిపట్టి, అగ్గిపుల్ల గీసి పైలట్ మళ్ళీ వెలిగించాను. ఏమీ ఎరగనట్టు పాలకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ గిన్నె ముందు కూర్చుని ఉంది. "మంట బాగానే ఉందండీ. పిండే పొంగలేదు" అంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? నేను పాలు పొయ్యి మీద పెట్టాను.

ఇడ్లీలు రాళ్ళయ్యాయి. అన్నప్రాసనలో ఒక పెద్దావిడ అందరి ముందూ "కొందరి చెయ్యి అచ్చిరాదమ్మా, ఏం చేస్తాం" అనేసింది. మా ఆవిడ తల వంచుకుని "అవునండీ" అంది. అది విని కూడా నేను చట్నీ వడ్డించుకుంటూ కూర్చున్నాను. ఛీ, నా బతుకు!

ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ ఆవిడ ముందుగా చెయ్యి వెయ్యలేదు. మా అమ్మాయి పెళ్ళికి పసుపు దంచేటప్పుడు, తొలి పోటు తల్లే వెయ్యాలని ముత్తయిదువలు రోకలి అందించారు. "నా చెయ్యి వద్దమ్మా, నా బిడ్డ చల్లగా ఉండాలి" అని ఎదురింటావిడకు ఇచ్చేసింది. నేను ఆ పక్కనే కుర్చీలు సర్దుతున్నాను.

ఇప్పుడు మేం నోయిడాలో ఉంటున్నాం. ఆ ఓవెన్ ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది. పోయిన వారం అమ్మాయి సీమంతం మాటొచ్చింది. "తొలి గాజు మీ చెల్లెల్ని తొడగమందాంలెండి" అంది ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ, మామూలుగానే. ఇక ఆగలేకపోయాను. స్క్రూ, ఆరిన మంట, అగ్గిపుల్ల, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది.

కత్తిపీట పక్కకు పెట్టి, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

"పసుపు దంచినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదండీ" అంది.