పసికందుల గదిలో కిటికీ

నాకు నర్సు పని నేర్పింది పెద్దక్క. పురుళ్ల వార్డులో అందరికీ ఆవిడ పెద్దక్కే. ఇరవై రెండేళ్ల సర్వీసు. నోరు పెద్దదే గానీ, పసిబిడ్డని చేతుల్లోకి తీసుకుంటే గొంతు దానంతటదే తగ్గిపోయేది.

పసికందుల గదికున్న ఒక్క కిటికీకీ అడ్డంగా పాత ఫైళ్ల ఇనప బీరువా ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా పట్టపగలే చార్జింగ్ లైటు పెట్టుకునేవాళ్లం. ఆ వెలుగే పచ్చగా ఉంటుంది. దాని కింద ఏ బిడ్డ ఒళ్లయినా ఒకే రంగు.

ఒకరోజు పెద్దక్క మూడు రోజుల మగబిడ్డని ఆ లైటులోనే చూసి, "బాగున్నాడమ్మా, తీసుకెళ్లండి" అని పంపించేసింది. రెండు రోజులకి వాళ్లు తిరిగొచ్చారు. వరండా ఎండలో తల్లి గుడ్డ తొలగించింది. అరికాళ్ల దాకా కామెర్లు. బిడ్డ పాలు తాగడం మానేశాడు. పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ, కామెర్లు ముదిరినందువల్ల వాడికి చెవులు వినపడవని తర్వాత తేలింది.

"కరెంటు లేకపోతే నువ్వేం చేస్తావక్కా?" అన్నాను.

"వరండా పదడుగులే కదే. ఎత్తుకెళ్లి చూడలేకపోయాను," అంది.

మర్నాడే సూపరింటెండెంటు దగ్గరికెళ్లింది. "సార్, ఆ బీరువా తీయించండి."

"తీసి నా నెత్తిన పెట్టుకోనా? జనరేటరుకి రాశాం, వస్తుంది."

"మూడేళ్ల నుంచీ వస్తూనే ఉంది సార్."

ఆ మధ్యాహ్నమే ఆవిడా, నేనూ, ఆయా కలిసి ఫైళ్లన్నీ వరండాలో పడేసి బీరువా పక్కకి నెట్టాం. తుప్పు పట్టిన కిటికీ గడియ ఎంతకీ రాకపోతే ఆయా సుత్తితో నాలుగు దెబ్బలేసింది. వెలుతురు లోపలికొచ్చింది. ఆరుగురు బిడ్డల్నీ పెద్దక్క వరసగా కిటికీ దగ్గరికి తెచ్చి చూసింది. నాలుగో పిల్ల ఛాతీ దాకా పచ్చబడి ఉంది. డాక్టరుని పరిగెత్తించాం. వేళకి వైద్యం అందింది.

రికార్డులు బయట పడేసినందుకు పెద్దక్కకి మెమో ఇచ్చారు. సంతకం పెట్టి ఇచ్చేసింది. అయితే ఆ తర్వాత ఏ బిడ్డని చూసినా, "నువ్వూ ఒకసారి చూడవే," అని నన్ను పిలిచేది. నెల తిరక్కుండా వేరే వార్డు అడిగి వెళ్లిపోయింది.

"ఇప్పుడు కిటికీ ఉంది కదక్కా!"

"కిటికీ ఉంది. నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది."

ఇప్పుడు ఆ పని నాది. మబ్బు పట్టిన రోజున ఏ బిడ్డనీ ఇంటికి పంపను. "రేపు ఎండ రానివ్వండి," అంటాను. బంధువులు విసుక్కుంటారు. విసుక్కోనీ.