దొంగ ఏడుపు

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో మా పక్క క్వార్టర్ వదిన సొంతూరు కిష్టారం. పిల్లలెవరు ఏడ్చినా ముందు బొటనవేలితో చెంప తుడిచి, ఆ వేలు తడిసిందా అని చూసుకునేది. ఊరుకోబెట్టడం ఆ తర్వాతే.

ఆమె కూతురు పసికందుగా ఎంత ఏడ్చినా కన్నీళ్లు వచ్చేవి కావు. ‘దొంగ ఏడుపు’ అని కాలనీ అంతా ముద్దు చేశాం. నాలుక మీద చిన్న చిన్న బొడిపెలుంటే, అచ్చం నాన్న పోలికే అని మురిసిపోయాం. ఆ నాన్న అప్పటికే థైరాయిడ్ క్యాన్సర్‌తో పోయాడు. వీటన్నిటినీ కలిపి చూడాలని మాకెవరికీ తోచలేదు.

టీకాలనాడు సూది గుచ్చినా కళ్లు తడవకపోవడం చూసి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పాప నోరు తెరిపించింది. తండ్రి సంగతి అడిగి, పాపకీ అదే గొంతు జబ్బు ఉండొచ్చు, విశాఖ తీసుకెళ్లమంది.

"నాలుక సూత్తే గొంతు జబ్బు తెలుస్తదా, ఏంది?" అంటూనే వదిన బిడ్డనెత్తుకుని విశాఖ రైలెక్కింది. రక్తపరీక్షలో తండ్రి నుంచి వచ్చిన జన్యులోపం బయటపడింది; కన్నీళ్లు రాకపోవడం, నాలుక మీద బొడిపెలు, థైరాయిడ్ క్యాన్సర్, మూడూ దానివల్లేనట. క్యాన్సర్ ముదరకముందే థైరాయిడ్ తీసేశారు. మేమక్కడ ఉండగానే ఆ పిల్ల పొద్దున్నే మాత్ర వేసుకుని బడికి పరిగెత్తేది.

మేం బదిలీ అయి వచ్చేసే ముందు, చాక్లెట్ కోసం మా అమ్మాయి రాగం తీసింది. వదిన వచ్చి చెంప తుడిచింది. వేలు తడవలేదు.

"నాలుక సూపెట్టు బిడ్డా."

వెలుగులోకి తిప్పి నిదానంగా చూసింది. పక్కనే తన కూతురు కూడా నాలుక చాపి నిలబడింది. అప్పుడు నవ్వింది వదిన.

"ఏం లేదు వదినా. ఇది మాత్రం నిఖార్సయిన దొంగ ఏడుపే!"