కోడిపిల్లల బుట్టలోని గుండు బల్బు

కల్లూరులో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు కోడుమూరు వైపు సేద్యపు కుటుంబం మనిషి. ఆమెను మేం పెద్దమ్మ అనేవాళ్లం. పొలాలు కౌలుకిచ్చి కర్నూలు పక్కన మిద్దె కట్టుకున్నా కోళ్లను మాత్రం వదిలి రాలేదు. ఆ చలికాలం పిల్లలకోడిని కుక్క ఎత్తుకుపోయింది. పెద్దమ్మ ఆ పిల్లలను వెదురు బుట్టలో పెట్టి, పైన గుండు బల్బు వేలాడదీసింది. పగలు మిద్దె మీద ఎండ, పొద్దు గూకాక బల్బు వేడి. వాటికిక తల్లి అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధిలోకి కరెంటు ఆదా పథకం వచ్చింది. పాత గుండు బల్బు ఇస్తే సగానికి సగం తక్కువ ధరకు సీఎఫ్ఎల్ బల్బు ఇస్తారు. పథకం ప్రభుత్వానిది, పంచే పని ఒక కంపెనీది. ఎన్ని పాత బల్బులు పోగుచేస్తే అంత కమీషన్. అందుకని కంపెనీ పంపిన ఏజెంటుకు జనం కరెంటు ఆదా చేస్తారా లేదా అన్న బెంగ లేదు, బల్బు చేతికొస్తే చాలు. అంతకుముందు ఆయన బీమా పాలసీలు అమ్మేవాడట. చావు గురించి చెప్పి భయపెట్టడంలో చేయి తిరిగిన మనిషికి చీకటి గురించి చెప్పడం ఒక లెక్క కాదు. బల్బు మార్చని ఇంటి మీటరు మీద గుర్తు వేస్తారనీ, ఆ తర్వాత ఏమవుతుందో తాను చెప్పకూడదనీ అనేవాడు.

ఇది అన్యాయమని నేను పనిచేసే పత్రిక జిల్లా పేజీలో ఒక చిన్న వార్త రాశాను. అదే పేజీలో కింద సగం ఆ కంపెనీ ప్రకటన. వార్త ఎవరు చదివారో తెలియదు గానీ, పైనుంచి నిబంధనలు మాత్రం వచ్చాయి. ఏజెంటు మెడలో గుర్తింపు కార్డు ఉండాలి. బల్బు మార్చుకోవడం ఇష్టమైతేనే, బలవంతం లేదని రాసిన చీటీని గడప ముందు చదివి వినిపించాలి. పాత బల్బూ కొత్త బల్బూ పక్కపక్కన వెలిగించి తేడా చూపాలి. తీసుకున్న పాత బల్బును సాక్షుల ముందు పగలగొట్టాలి, మళ్లీ అమ్ముకోకుండా.

మెడలో కార్డు పడ్డాక, అంతవరకూ అమ్మకందారుగా ఉన్నవాడు ఆఫీసరైపోయాడు. చీటీని పురోహితుడు సంకల్పం చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. మావైపు గడప ముందు నిలబడి ఎవరైనా గబగబా ఏదైనా చదివితే ఆడవాళ్లకు చేతులు వాటంతటవే జోడింపబడతాయి. బలవంతం లేదన్న మాటకు కూడా భక్తితో దండం పెట్టి, లోపలికెళ్లి బల్బు తెచ్చి ఇచ్చారు.

ఇంకో చిక్కు, ఇచ్చే బల్బు వెలిగేదై ఉండాలి. ఇళ్లలో ఉన్నవి చాలావరకు మాడిపోయినవే. జనం సందు చివర కరెంటు సామాన్ల అంగడికి పోయి, కొత్త గుండు బల్బు కొని, కవరైనా విప్పకుండా ఏజెంటు చేతిలో పెట్టారు. గుండు బల్బుల వాడకం తగ్గించే పథకంలో అంగట్లోని గుండు బల్బులన్నీ అమ్ముడైపోయాయి. ఇలాంటి పథకం ఏటా ఒకటి పెట్టిస్తే నీకు పుణ్యముంటుందని అంగడి శెట్టి నాతోనే అన్నాడు.

పెద్దమ్మ ఇంట్లో అన్నీ ట్యూబులైట్లు. గుండు బల్బు ఒక్కటే, బుట్టమీదది. ఏజెంటు మధ్యాహ్నం వచ్చినప్పుడు పిల్లలు మిద్దె మీద ఎండలో ఉన్నాయి. పాతది చేసే పనంతా కొత్తది చేస్తుందా అని ఆమె అడిగిందట. అంతకన్నా బాగా చేస్తుందన్నాడట. ఆయన చీటీ చదివాడు, ఆమె దండం పెట్టింది, బల్బు పోయింది.

పొద్దు గూకాక కొత్త బల్బు తెల్లగా వెలిగింది. బుట్టలో పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి. పెద్దమ్మ చేయి పెట్టి చూసి, మమ్మల్ని పిలిచింది.

"ఏమప్పా, ఇది వెన్నెల మాదిరుండాది. వెన్నెల్లో కోడిపిల్లలు బతుకుతాయా?"

అంగడికి పరుగెత్తాను. ఒక్క గుండు బల్బు లేదు. పక్కిళ్లలో అడిగాను. అందరూ ఇచ్చేశారు. నిబంధనల తనిఖీకని పైనుంచి అసలు ఆఫీసరు వస్తున్నాడు, ఏజెంటు వార్డు ఆఫీసు వరండాలో ఉన్నాడని ఎవరో చెప్పారు. పెద్దమ్మ సీఎఫ్ఎల్ విప్పి కొంగులో చుట్టుకుని నాతో బయలుదేరింది.

వరండాలో ఏజెంటు తేడా చూపించే చెక్కబోర్డు గోడకు ఆనించి ఉంది. దానిమీద ఒకవైపు గుండు బల్బు, ఒకవైపు సీఎఫ్ఎల్, రెండూ వెలుగుతున్నాయి. తన బల్బు తనకిమ్మని పెద్దమ్మ అడిగింది. సాక్షుల ముందే డ్రమ్ములో వేసి పగలగొట్టామని, నిబంధనలో ఏ లోపమూ జరగలేదని ఏజెంటు ఆఫీసరు వైపు చూస్తూ చెప్పాడు. ఆఫీసరు తల ఊపాడు. అనుమానం తీర్చడం తన విధి అన్నట్టుగా పెద్దమ్మను బోర్డు దగ్గరికి పిలిచాడు.

"పాతదాని దగ్గర చెయ్యి పెట్టి చూడమ్మా. ఎంత వేడి దండగవుతోందో నీకే తెలుస్తుంది."

ఆమె పెట్టింది. పెట్టిన చెయ్యి తీయలేదు.

"నాకు కావల్సింది ఈ దండగే సార్."

అది ప్రదర్శన వస్తువనీ, ఇవ్వడం కుదరదనీ, ఫిర్యాదుంటే రాసిస్తే విచారణ జరిపిస్తామనీ ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు.

"నీ విచారణ అయ్యేలోగా నా పిల్లలకు కర్మంత్రం అయితాది," అంది పెద్దమ్మ. "ఇష్టమైతేనే ఇయ్యమని ఈయప్ప చీటీ సదివినాడు గదా. నాకిష్టం ల్యా."

కొంగు చేతికి చుట్టుకుని, మండుతున్న బల్బును హోల్డరులోంచి తిప్పి తీసింది. బోర్డు ఖాళీగా ఉంటే పాపం ఏజెంటుకు ఇబ్బంది అనుకుందేమో, తన సీఎఫ్ఎల్‌ను ఆ హోల్డరులోనే పెట్టింది. అది వెలిగింది. ఆఫీసరు బోర్డు వంక కాసేపు చూశాడు. రెండు బల్బులు ఉండాలన్నది నిబంధన. రెండూ ఉన్నాయి. వెలగాలి. వెలుగుతున్నాయి. ఆయన జీపెక్కాడు.

తెల్లారి బుట్ట దగ్గరికి పోతే, చలికి ముడుచుకుపోయి చచ్చిన ఒక పిల్లను పెద్దమ్మ అప్పటికే తీసి పక్కన పెట్టింది. మిగతావి బల్బు కింద కళ్లు మూసుకుని ఉన్నాయి. వీధి చివర ఏజెంటు గొంతు వినిపించింది. ఎవరింటి గడప ముందో ఆ బోర్డు నిలబెట్టి, ఒకే రకం బల్బులు రెండు పక్కపక్కన వెలిగించి, తేడా చూడమంటున్నాడు. ఆ ఇల్లాలు చూసి, అవునవునంటూ చేతులు జోడించింది.