ఆగండక్క, నలభై రెండు వాక్యాలు

మా ఆఫీసులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఆగండక్క అంటారు. కొత్త ప్రోగ్రాం విడుదల చేసేద్దామని మేము ఉరుకులు పరుగుల మీద ఉన్నప్పుడు కుర్చీలోంచి లేవకుండానే "ఆగండి" అంటుంది కాబట్టి. పూర్వం ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. తిరుగుతున్న అచ్చు యంత్రాన్నే ఆపించిన మనిషికి మేమొక లెక్కా!

మేము చేసేది వేళకు మందులు గుర్తుచేసే ఫోన్ యాప్. మూడు నెలలకోసారి కొత్త విడత వదులుతాం. అందులోని మాటల్ని తొమ్మిది భాషల్లోకి మార్చేది జీతం భత్యం లేని వాలంటీర్లు. వాళ్ల తీరికకూ మా తేదీకీ ముడి వెయ్యడమే అక్క ఉద్యోగం. ఆమె బల్ల మీది క్యాలెండర్లో మా సెలవులు ఉండవు. ఏ నర్సుకు ఏ వారం నైట్ డ్యూటీ, ఏ కండక్టరు కూతురికి ఎప్పుడు పరీక్షలు, అవి ఉంటాయి. విడుదలకు పదిహేను రోజుల ముందు నుంచి తెర మీది మాటల జోలికి ఎవరూ పోకూడదని ఆమె శాసనం. ఇంగ్లీషు మూలంలో ఒక్క మాట మారినా ఆ వాక్యానికి చేసిన అనువాదం పక్కకు పోతుంది, మళ్లీ ఎవరో చూసి సరే అనాలి. నూటికి తొంభై వాక్యాలైనా సిద్ధం కాని భాష ఆ విడతలో ఉండదు.

ఈసారి ఆ శాసనం మీరిన ఘనుణ్ణి నేనే. శుక్రవారం విడుదల అనగా బుధవారం, చిన్న ఫోన్లలో వాక్యాలు పట్టడం లేదని మూలంలో నలభై రెండు చోట్ల "దయచేసి" పీకేశాను. ఎంత చక్కగా సర్దానో అని మురిసిపోయాను కూడా. గురువారం మధ్యాహ్నానికి ఎనిమిది భాషలవాళ్లు నన్ను తిట్టుకుంటూనే సరిచేసి పంపారు. మన భాష మాత్రం ఎనభై ఆరు దగ్గర నిలబడిపోయింది.

మన భాష ఈ యాప్‌లోకి రావడం ఇదే మొదలు. చేసింది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. శుక్రవారం పొద్దున ఆయనకు కంటి ఆపరేషన్. ఆ తర్వాత నెల రోజులు మూడు రకాల చుక్కలు, రోజుకు పదిసార్లు వెయ్యాలి. వేసేది ఆయన భార్య. ఆవిడకు మన భాష తప్ప మరొకటి చదవడం రాదు. అందుకే ఆయన రెండు నెలలు మసక కళ్లతోనే కూర్చుని పూర్తిచేశారు.

"వచ్చే విడతలో వస్తుందిలే," అన్నాడు మేనేజరు.

"ఆగండి. రేపు పన్నెండింటి దాకా టైముంది," అంది అక్క.

"అక్కా, నీకు రాని భాషా? ఆ నలభై రెండూ నువ్వే కానిచ్చెయ్," అన్నాను.

"రాస్తాను. రాసిన మనిషే సరే అనుకుంటే కుదరదు. ఒకసారి అలా చేసి, తిన్నాక వేసుకోవాల్సిన మాత్రని పరగడుపున అని రాసి పడేశా."

రాసి, మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన అప్పటికే ఆసుపత్రిలో చేరారు.

"కళ్లలో ఏదో మందు పోశారమ్మా, ఏమీ ఆనడం లేదు. మా ఆవిడకి పంపండి. ఆవిడ సరే అంటే సరే."

ఆవిడ ఒక్కో వాక్యం పైకి చదవడం మొదలుపెట్టారు. మేమంతా స్పీకరు చుట్టూ చేరాం.

"దయచేసి తీసేశారా? మంచి పని చేశారు. నలభై ఏళ్లలో నాతో ఒక్కసారీ అనని మాట, ఫోన్లో ఇన్నిసార్లు రాశారు ఈయన!"

వెనక నుంచి మాస్టారి దగ్గు వినిపించింది. పదిహేడో వాక్యం దగ్గర ఆవిడ ఆగారు.

"నేత్రబిందువులు ఏంటమ్మా? కంటి చుక్కలు అనండి."

"అది సరైన మాటేనే," అన్నారు మాస్టారు.

"సరైనదే, కాదనను. చుక్కలు వేసేది నేను కదండీ!"

అక్క నవ్వుతూ మార్చింది. గంటన్నరలో మన భాష నూటికి నూరైంది. శుక్రవారం పన్నెండింటికి విడుదల చేసేశాం.

విడుదల మర్నాడు ఫిర్యాదులు వస్తాయని అందరం ఆఫీసులోనే ఉంటాం. ఎనిమిదింపావుకు అక్క ఫోన్ మోగింది. ఫిర్యాదేమో అనుకుని అక్క స్పీకరు పెట్టింది. మాస్టారి భార్య.

"ఆపరేషన్ బాగా జరిగిందమ్మా. ఇందాక ఫోన్ మోగింది. కుడి కన్ను, ఎర్రమూత సీసా, ఒక చుక్క అని వచ్చింది. వేశాను."

"ఇబ్బందేమీ రాలేదు కదండీ?" అంది అక్క.

"లేదమ్మా. ఇన్నేళ్లూ ఏ మందు చీటీ అయినా ఆయన చదివేవారు, నేను వినేదాన్ని. ఇవాళ నేను చదివాను, ఆయన కదలకుండా పడుకుని విన్నారు."