ఆదెప్ప రెండో తాళంచెవి

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఆదెప్ప చెయ్యి పెట్టని మూట లేదు. మిల్లు తరఫున శెనక్కాయలు కొనడం అతని పని. రైతు మూట విప్పి పైనున్న కాయలు గుప్పెడు తీసి చూపిస్తే వాటి వంక కన్నెత్తి కూడా చూడడు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, మూటలోకి అడుగు తగిలేదాకా దించుతాడు. అడుగు కాయలు పైకి తీసి, చెవి దగ్గర ఆడించి, ఒలిచి, కొరికి, అప్పుడు గానీ నోరు విప్పడు. వానలు మొహం చాటేసిన నేల మీద రైతు మాత్రం ఏం చేస్తాడు, నాలుగు దోసిళ్ల తాలుకాయలు అడుగున పోస్తాడు. వాటిని పట్టుకున్నందుకే ఆదెప్ప ఇంట్లో పొయ్యి వెలిగింది. అందుకే అనుమానపడటం తప్పని అతనికి ఎన్నడూ తోచలేదు.

చిక్కేమిటంటే, ఆ చేతిని కళ్లం దగ్గర వదిలి ఇంటికి రావడం అతనికి చేతకాలేదు. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లున్నాయంటాడు. పాలవాడు నవ్వకపోతే ఇంకా ఎక్కువ నీళ్లున్నాయంటాడు. ఇట్లాంటి మనిషితో కాపురం చేస్తున్న బయమ్మకు దండం పెట్టాలి.

ఊళ్లు తిరిగి తిరిగి అరిగిపోయిన మోటారు సైకిల్‌ను అతను ఈమధ్య అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినవాడు కంబదూరు వైపు ఈరప్ప. సంతల్లో గొర్రెలు కొని అమ్మేవాడు. పళ్లు చూడకుండా గొర్రెను కొనని మనిషి బండిని మాత్రం ఊరికే కొంటాడా? నేల మీద పడుకుని ఇంజను కిందికి చూశాడు, సీటును గొర్రె వీపు నిమిరినట్టు నిమిరాడు, చివరికి రెండో తాళంచెవి ఏదన్నాడు. పోయిందన్నాడు ఆదెప్ప.

పోలేదు. ఆ మాట అన్నప్పుడు అది అతని మొలతాడుకే వేలాడుతోంది. బండి పేరు మారేదాకా ఎవరిని నమ్మాలి? ఏదైనా తేడా వస్తే రాత్రికి రాత్రి పోయి బండి తెచ్చుకోవచ్చు కదా. ఈరప్ప డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కాగితాల మీద ఆదెప్ప చేత సంతకాలు పెట్టించుకుని, వచ్చే వారం పేరు మార్పించుకుంటానని చెప్పి వెళ్లాడు. ఆ వచ్చిన సొమ్ము నేరుగా షోరూమ్‌కు పోయింది, కొత్త బండి ఇంటికి వచ్చింది. నిమ్మకాయలు తొక్కించి టెంకాయ కొట్టిన రోజున బయమ్మ ఒక తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటానంది. నీ తమ్ముడు వచ్చి అడిగితే ఇచ్చేస్తావని అతను రెండూ మొలతాడుకే కట్టుకున్నాడు.

కొత్త బండికి షోరూమ్‌లో ఇన్సూరెన్స్ రాసింది మౌనిక అనే అమ్మాయి. చిన్న అక్షరాల్లో ఏం దాచారో చదివి వినిపించమని ఆదెప్ప ఆమె ప్రాణం తీశాడు. పాపం, ఓపికగా చదివింది. చదివాక, పాత బండి పేరు మారిందా అన్నా అని అడిగింది. ఇంకా లేదన్నాడు. నంబరు కొట్టి చూసి, దాని ఇన్సూరెన్స్ ఈ నెలతో అయిపోతోందని చెప్పింది. పేరు మారేదాకా ఆ బండి ఎవరి చేతిలో ఉన్నా, ఎవరిని గుద్దినా, కోర్టు నోటీసు మీ ఇంటికే వస్తుందని కూడా చెప్పింది. 

ఆ రోజు నుంచి ఈరప్పకు ఫోన్ల మీద ఫోన్లు. ఈ సంత అయిపోనీ అంటాడు, అది అయ్యాక వచ్చే సంతా అయిపోనీ అంటాడు. దీనికి తోడు ఎవరో వచ్చి, నీ పాత బండి పావగడ దారిలో కనబడింది, రెండు పక్కలా గోతాలు వేలాడుతున్నాయి అని చెప్పి పోయారు. పావగడ దారి, గోతాలు! ఇంకేముంది, దొంగతనంగా సరిహద్దు దాటించే కర్ణాటక మందు. ఆదెప్ప కళ్లకు పోలీసు స్టేషను కనబడింది, అందులో తన పేరున్న బండి, ఆ పక్కనే తను. అన్నం సహించలేదు. తెల్లారగానే షోరూమ్‌కు పోయి, అమ్మేసిన బండికి తన డబ్బుతో ఇన్సూరెన్స్ కట్టించాడు. పరాయివాడికి టీ తాగించని మనిషి! మందు కేసుకు అది అడ్డు రాదని మౌనిక చెప్పినా, సగం భయమైనా తగ్గుతుందని కట్టాడు.

ఆ కాగితం ఇచ్చే సాకుతో, గోతాల సంగతేమిటో చూద్దామని కొత్త బండి మీద సంతకు వెళ్లాడు. పాత బండి వేపచెట్టు కింద నిలబెట్టి ఉంది. ఈరప్ప దూరంగా బేరంలో ఉన్నాడు. గోతం మూతి వదులుగా కట్టి ఉంది. ఆదెప్ప అటూ ఇటూ చూసి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, గోతంలోకి దించాడు. సీసా తగల్లేదు. వెచ్చగా, తడిగా ఏదో అతని వేలిని పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. రెండు రోజుల నాటి గొర్రెపిల్ల. తల్లి పొదుగనుకుంది కాబోలు, వదలడం లేదు.

"ఏమప్పా, ఏం ఎతుకుతాండావు?" వెనక నుంచి ఈరప్ప గొంతు.

 ఆదెప్ప ఎట్లాగో వేలు లాక్కుని, జవాబుగా ఇన్సూరెన్స్ కాగితం చేతికిచ్చాడు. ఈరప్ప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అమ్మేసిన బండికి నువ్వెందుకు కట్టినావు?"

"నువ్వు ఎవరినన్నా గుద్దితే కేసు నా మీదికొస్తాదంట."

"నేను గుద్దుతానని నీకు ముందే ఎట్ల తెలుసు? బ్రేకులు పడవని తెలిసే అమ్మినావా?"

 మూట మూటకూ ఆదెప్ప రైతులను అడిగే ప్రశ్న అది, తెలిసే తెచ్చినావా అని. తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బ్రేకులు బాగున్నాయని ఒట్టు పెట్టాడు. ఈరప్ప వినలేదు, నీ బండి నువ్వు తీసుకుని నా దుడ్లు నాకిచ్చెయ్యి అన్నాడు. ఆ దుడ్లు ఎక్కడున్నాయి, కొత్త బండి రూపంలో సంత బయట నిలబడి ఉన్నాయి. ఇక ఏం చేస్తే నమ్ముతాడో తెలియక, తన దగ్గర దాపరికం లేదని చూపించడానికి ఆదెప్ప మొలతాడు నుంచి పాత బండి తాళంచెవి విప్పి అతని అరచేతిలో పెట్టాడు.

ఈరప్ప ఆ తాళంచెవి వంక చూశాడు. "పోయిందంటివి గదప్పా," అన్నాడు నెమ్మదిగా.

ఆదెప్పకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, తల ఎత్తలేకపోయాడు. ఈరప్ప కేకలు వేసి ఉంటే బాగుండేది.

"రేపే ఆర్టీవో ఆఫీసుకు రా. నీ పేరుండే బండి ఇంగ ఒక్క దినం కూడా నాకొద్దు," అని ఈరప్ప గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

వారాల తరబడి బతిమాలినా జరగని పని మర్నాడు పొద్దున్నే జరిగిపోయింది. బండి మీద ఆదెప్ప పేరు పోయి ఈరప్ప పేరు ఎక్కింది. ఇక కేసు లేదు, నోటీసు లేదు. గండం గడిచిందనుకుంటూ ఆఫీసు బయటికి వచ్చేసరికి ఎదురుగా మెకానిక్ షెడ్డులో పాత బండి ఉంది. దాని తాళం ఊడదీసి కొత్తది బిగిస్తున్నారు. పక్కన ఈరప్ప నిలబడి చూస్తున్నాడు.

ఆదెప్ప ఉండబట్టలేక దగ్గరికి పోయాడు. "బీగం చెవి ఇచ్చేస్తి గదా అన్నా, ఇంగెందుకిది?"

"ఇచ్చినావులే. ఇంగోటి చేపించి పెట్టుకోని ఇచ్చినావో ఏమో," అన్నాడు ఈరప్ప, కోపం లేకుండా, మామూలుగా.

ఆ మామూలుగా అనడమే ఆదెప్పకు ఎక్కడో తగిలింది. తన జీవితంలో దాచుకోకుండా ఇచ్చింది ఆ ఒక్క తాళంచెవే. ఈరప్ప స్థానంలో తనున్నా ఆ తాళం మార్పించి ఉండేవాడు. అది తెలిసే కొద్దీ బాధ ఎక్కువైంది. దారి పొడుగునా అదే మాట చెవిలో తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి బయమ్మ వాకిట్లో చేటతో పప్పు చెరుగుతోంది. ఆదెప్ప బండి నిలబెట్టి, మొలతాడుకున్న కొత్త బండి రెండో తాళంచెవి విప్పి ఆమె ముందు చాపాడు.

"నీ దగ్గర పెట్టుకో," అన్నాడు.

బయమ్మ చేట పక్కన పెట్టింది. తాళంచెవి వంక చూసింది, మొగుడి మొహం వంక చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు.

"ఎందుకిస్తాండావు? యాడికి పోయొచ్చినావు?" అని లేచి దగ్గరికి వచ్చి, మెడ ముందుకు చాచి అతని నోరు వాసన చూసింది.