ఎర్ర సిరాతో రాసిన సీడీ

మొన్న ఆళ్లగడ్డలో, ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మా పాత కంప్యూటరుకు రిపేరు అంగట్లో మళ్లీ కరెంటు ఇచ్చారు. ముందు లోపలి ఫ్యాను గరగరమంది. తర్వాత వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసన తగలగానే నేను మళ్లీ నంద్యాలలో వాసవక్క అంగట్లో ఉన్నాను. చేతిలో పొరక, కాళ్ల కింద పెళ్లిపత్రికల కత్తిరింపులు. "డిస్కు బాగానే ఉండాదిమ్మా, ఏమీ పోలేదు" అన్నాడు రిపేరు చేసే అబ్దుల్. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. అందులో మా నాయన గొంతు ఉంది. నా కోసం ఒక మనిషి ఆడిన అబద్ధమూ అందులోనే ఉంది.

వాసవక్క శెట్ల ఇంటి మనిషి. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో అంగడి పెట్టి, కొండ కింద మా చెంచు గూడెం నుంచి తేనె, జిగురు కొనేవాడు. ఆమె చిన్నప్పుడు ఆయన వెంట గూడేనికి వచ్చి మా పాటలు విన్నదట. పెద్దయ్యాక పెళ్లి చేసుకోకుండా నంద్యాలలో డీటీపీ సెంటర్ పెట్టింది. పగలంతా పెళ్లిపత్రికలు కొట్టేది. ఆదివారం వస్తే టేపురికార్డరు సంచిలో వేసుకుని బస్సెక్కి మా గూడేనికి పోయేది. నా మొగుడు పోయాక కసువు ఊడ్చే పనికి నన్ను అంగట్లో పెట్టుకుంది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఒక్క అక్షరం రాదు.

పనిలో చేరిన మొదటి నెలలోనే ఒక పొద్దున బల్ల కింద ఊడుస్తున్నాను. తల మీద ఎవరో దగ్గారు. రెండుసార్లు దగ్గి, ఆగి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అది మా నాయన దగ్గు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. పొరక వదిలేసి వీధిలోకి పరిగెత్తాను.

"ఏమ్మే, యాడికి పోతాండావ్?" అని అక్క వెనకనే వచ్చింది.

"మా నాయన లోపల ఉండాడు."

ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. "క్యాసెట్లకు బూజు పడతాండాది గురవమ్మా. ఇంకో రెండు వానాకాలాలు పోతే మీ నాయన మాట పోతాది. అందుకే కంప్యూటర్లోకి ఎక్కిస్తాండా" అంది. తెర మీద ఒక పచ్చ గీత నాయన గొంతుకు తగ్గట్టు ఎగిరి పడుతోంది. ఆ రోజంతా నేను దాని ముందు నుంచి లేవలేదు. ఆమె లెమ్మనలేదు.

మా నాయన తేనె కోసేవాడు. కొండ చరియ మీది నుంచి మోకు పట్టుకుని కిందికి దిగుతారు. పైన మోకు పట్టేవాడు దిగేవాడి బావమరిదే అయి ఉండాలి. తన అక్కనో చెల్లెలినో ముండమోపిని చేసుకోడు గదా అని నమ్మకం. కింద ఉన్న మనిషి మోకు కదిలిస్తేనే పైవాడు లాగాలి. అంతవరకు చూస్తూ ఉండాలి, తనంతట తాను లాగకూడదు. మా నాయనకు మోకు పట్టింది మా మేనమామ ఈరన్న. నాయన ఏ చరియకు ఎటు పోవాలో, మోకు ఏ చెట్టుకు కట్టాలో వరసగా అక్క టేపులో చెప్పి పెట్టాడు. అది విన్న మామ, "పాటలు ఎవురికన్నా ఇచ్చుకో శెట్టమ్మా. దావ మాత్రం మా పిల్లోళ్లకే. వాళ్లు ఇప్పుడు కొండెక్కడంల్యా. రేపు ఎక్కుతామంటే చెప్పేటోడు ఉండాల గదా" అన్నాడు. అక్క ఒప్పుకుని, పాటలు ఒక సీడీలో, దారి ఇంకో సీడీలో పెట్టింది. ఏ సీడీ ఎవరికి ఇచ్చామో, ఎవరు ఇచ్చారో కంప్యూటర్లో ఒక జాబితా కూడా తయారుచేసింది.

పాటల సీడీ కోసం పట్నం నుంచి ఒక పెద్దమనిషి వస్తాడని, బల్ల మీదున్నది ఇచ్చెయ్యమని చెప్పి, ఒకరోజు అక్క ఆళ్లగడ్డకు పోయింది. బల్ల మీద చూస్తే రెండు సీడీలున్నాయి. ఒకదాని మీద నల్ల సిరాతో రాసి ఉంది, ఇంకోదాని మీద ఎర్ర సిరాతో. ఆ అంగట్లో నేను ఎర్రదనాన్ని బట్టే పని నడిపేదాన్ని. పత్రికల కట్ట సిద్ధమైతే దాని మీద అక్క ఎర్ర సిరాతో రాసి పెడుతుంది, నేను వచ్చినవాళ్లకు ఇస్తాను. అట్లా ఎన్ని వందల కట్టలు ఇచ్చానో. ఒక్కటీ తప్పు పోలేదు. ఎర్ర సిరా ఉన్న సీడీని ఆ పెద్దమనిషి చేతిలో పెట్టాను. ఆయన నమస్కారం పెట్టి మరీ తీసుకుపోయాడు.

ఆ ఏటి తేనె కాలంలో మామ అంగడికి వచ్చాడు. నంద్యాల దాకా నడుచుకుంటూ వచ్చినట్టున్నాడు. కాళ్ల నిండా దుమ్ము. మూరెడు నీలం నైలాన్ తాడు తీసి కంప్యూటరు ముందు పెట్టాడు.

"నాలుగో చరియ బయటోళ్లు కాల్చేసినారు. మల్లా ఈగలు పుట్టాల్సిన పిల్లపట్టు గూడా మిగల్లా. బండంతా మసి. యా దావన పోయినా కనపడని చరియ అది. మా బావ చెప్పిన మద్దిచెట్టుకే కట్టినారు ఈ తాడు" అన్నాడు. "మీ పెట్టెలో నుంచే పోయింది శెట్టమ్మా. ఎవురిచ్చినారు?"

నా చేతిలో పొరక జారి పడింది. ఎర్ర సిరా సీడీ ఏదో నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచాను.

"నేనే ఇచ్చినా పెద్దాయనా" అంది వాసవక్క.

మామ ఆమెను చూశాడు. నన్ను చూశాడు. "ఇంక మా గూడెం పక్క రావద్దు" అని వెళ్లిపోయాడు. అక్క ఆ తాడు వైపే చూస్తూ కూర్చుంది. కింద పడిన పొరక ఎత్తి మూలన పెట్టి నేను, "ఎందుకట్ల చెప్పినావక్కా?" అని అడిగాను.

"ఆరేండ్లు నీతో కసువు ఊడిపిచ్చుకున్నా. ఒక్క అక్షరం నేర్పిచ్చల్యా. ఇచ్చింది నేను గాక ఇంకెవురే?"

మరునాడు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తెర నిండా పెద్ద అక్షరాలతో ఒక మాట కొట్టింది. "అ ఆలు తర్వాత. ముందు ఇది" అంది. నేను మొదట చదవడం నేర్చుకున్న మాట 'ఇవ్వకూడదు'. ఆ సీడీ మీద ఆమె ఎర్ర సిరాతో రాసిన మాట అదే. తప్పు చదివితే నెత్తిన మొట్టేది. "మీ నాయన అంత కొండ దిగినాడు, నువ్వు ఈ 'క' కొమ్ము దిగలేకపోతాండావా" అని ఎగతాళి చేసేది. ఏడాదికి పత్రికలు చదివాను. రెండేళ్లకు కొట్టడం నేర్చుకున్నాను. ఒకరోజు జాబితా తెరిచి వరసగా చదువుకుంటూ పోతే ఒక చోట చూపు ఆగిపోయింది. 'దారి సీడీ. ఇచ్చినది: వాసవమ్మ.' మామ ముందు అన్న మాట వేరు. ఇది ఎప్పటికీ ఉండేది. ఇందులో కూడా ఆమె తన పేరే పెట్టుకుంది. అయినా ఆ రోజు కూడా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆదివారాలు వచ్చిపోతూనే ఉన్నాయి. అక్క సంచి మేకుకు వేలాడుతూనే ఉంది. నాలుగేళ్లు ఆమె కొండ పక్కకు పోలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూలబడింది. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. సీడీలు, కంప్యూటరు గూడెం వాళ్లకే చెందాలని ఆమె ముందే కాగితం రాసి పెట్టింది. అవి తీసుకుని నేను మామ దగ్గరికి పోయాను. ఆయన గుడిసె ముందు బుట్ట అల్లుతున్నాడు.

"మామా, ఆ సీడీ ఇచ్చింది ఆమె గాదు. నేను."

ఆయన తల ఎత్తలేదు. "తెల్సు" అన్నాడు. "ఆ పొద్దే తెల్సు. నీ పొరక కింద పడె గదా."

"తెలిసి గూడా ఆమెను ఎందుకు రావద్దన్నావ్?"

"కోపంలో అంటి. ఇంటికొచ్చినాక, నువ్వొచ్చి చెప్తావని చూస్తాంటి. ఒక్క మాట చెప్పింటే ఆ పొద్దే పిలిపిచ్చేవాణ్ణి. నాలుగేండ్లు చూసినానమ్మీ. నువ్వు మోకు కదిలిచ్చల్యా."

బుట్ట పక్కన పెట్టి, తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. నాలుగేళ్లు ఆమెను గూడేనికి దూరం చేసింది మామ కోపమనుకున్నాను. కాదు, తెరవని నా నోరు.

మొన్న అబ్దుల్ పక్కకు జరిగి, "చూసుకోమ్మా" అన్నాడు. జాబితా తెరిచాను. వరుస చెక్కు చెదరకుండా ఉంది. అక్క ఉంటే మొట్టేదని తెలుసు. అయినా ఆమె పేరు తీసేసి, ఒక్కో అక్షరం వెతుక్కుని 'గురవమ్మ' అని కొట్టాను. ఒకసారి తప్పు పడింది. మళ్లీ కొట్టాను.

"ఇదంతా నా పెన్ డ్రైవులో ఒక కాపీ ఎక్కిచ్చి పెట్టుకుంటానమ్మా? మల్లా పోయిందంటే నా దగ్గరుంటాది" అన్నాడు అబ్దుల్. మంచిగానే అడిగాడు.

నా చెయ్యి దానంతట అదే కంప్యూటరుకు అడ్డం పోయింది.

"ఉండప్పా, ఒక్కోదాని మీద అక్క ఏం రాసిందో ముందు చదవనీ" అన్నాను.