నెమలికంఠం రంగు కారు

మా నాయనకు కారుందని చేనేత పింఛను ఆపేశారు. కారట! నగరిలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతుకంతా గడిపిన మనిషి, ఆయనకు సైకిల్ తొక్కడమే రాదు. ఆ పింఛనుతోనే ఆయన బీపీ మందులు.

పింఛన్ల ఆఫీసుకు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. గుమాస్తా కంప్యూటర్ చూసి, "ఉండాదమ్మా. నెమలికంఠం రంగు కారు" అన్నాడు.

నెమలికంఠమా! ఆ మాట కార్లు అమ్మేవాళ్లది కాదు, చీరలు నేసేవాళ్లది. నాయన వైపు చూస్తే తల దించుకున్నాడు.

"తిరుపతి ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా పాప అడిగింది గదమ్మా, కారుండాదా అని. లేదంటే మనల్ని డ్రాలో కలపరేమో అనుకుంటి. మీయమ్మకు మిక్సీ వస్తాదని ఆశ. ఏం రంగంటే నోటికొచ్చింది చెప్పేసినా."

ఆ పాప చేతిలో ట్యాబ్ నాకూ గుర్తుంది. తెగ నవ్వుతూ అడిగింది, మహాతల్లి.

"ఎగ్జిబిషన్లో అన్న మాట మీ దగ్గరికి ఎట్లా వచ్చింది సార్?"

"ఇట్లాంటివి పోగుచేసి అమ్మే కంపెనీలుండాయి. పైవాళ్లు కొన్నారు. మేమే మీ ఇంటికొచ్చి అడగాలంటే మీ సంతకం కావల్ల. కొనుక్కుంటే అక్కర్లేదు." ఉప్పూ పప్పూ కొన్నంత తేలిగ్గా చెప్పాడు. "కారు లేదని రుజువు తెచ్చుకోండి."

లేని కారుకు రుజువు ఎక్కడ తేవాలి? నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంటికి రాండి సార్, ఆ కారు కనపడితే మీరే తోలుకుపోండి" అని అరిచి వచ్చేశాను.

అప్పటినుంచీ నాకు అందరిమీదా అనుమానమే. ఫోన్ నంబర్ అడిగితే చాలు, ఎందుకయ్యా అని గొడవకు దిగుతాను. పాల ప్యాకెట్టుకు నా నంబరెందుకు? మా వీధి అంగళ్లవాళ్లు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటున్నారు. తిప్పుకోనీ.

నాయన నాకంటే ముదిరాడు. మొన్న మగ్గం మీదే ఒరిగిపోతే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని, టైపు చేస్తూనే, "నొప్పి యాడుండాది పెద్దాయనా?" అని అడిగింది.

నాయన గుండె మీద చెయ్యి అదిమిపెట్టుకునే ఉన్నాడు. ఆమె వేళ్లకేసి చూశాడు.

"యాడా లేదమ్మా. బాగుండా" అన్నాడు.